పాట మళ్లీ మొదటినుంచి

పోయిన వారం మనం యుడోరా పెన్నిక్ టీచరును సినిమా స్టూడియోలోని బడి గదిలో, చేతిలో ఫోనుతో అలాగే వదిలేసి వచ్చాం. అవతలి మాట ఆగిపోయి చాలాసేపయినా ఆవిడ ఇంకా ఫోను పెట్టెయ్యలేదు. మాట్లాడింది ఫ్లారెన్స్ హాలొవే. విమానాల ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ చేసి, పొద్దున ఇంటికొచ్చి అలా నడుం వాల్చిందో లేదో తలుపు కొట్టి టెలిగ్రాం చేతికిచ్చి వెళ్లారు. పసిఫిక్ సముద్రంలో, పేరు కూడా పలకడం రాని ఏదో దీవి దగ్గర ఆమె కొడుకు ఎమ్మెట్ చనిపోయాడు.

"వెర్నాకి చెప్పకండి టీచర్, మీకు పుణ్యముంటుంది. ఇవాళ దాని పాట. ఏణ్ణర్ధం నుంచీ దాని మాటలన్నీ ఆ పాట గురించే. ఇప్పుడు బయల్దేరితే నేను దారిలోనే ఎక్కడో పడిపోతాను. కాస్త కాళ్లలో బలం రానివ్వండి, సాయంత్రానికి వస్తాను. దగ్గరికి తీసుకుని నేనే చెబుతాను. అందాకా దాన్ని నవ్వనివ్వండి" అందామె. ఏడుపు లేదు ఆ గొంతులో. అదే టీచరును ఎక్కువ భయపెట్టింది.

వెర్నా ఎమ్మెట్ చెల్లెలు, పదహారేళ్లది, ఈ సినిమాలో హీరోయిన్. టీచరు ఫోను పెట్టేసే సమయానికి, గోడకు అవతల షూటింగ్ జరుగుతున్న హాల్లో, ఎమ్మెట్ హాయిగా పాడుతున్నాడు.

అదెలాగో కొత్తగా చదువుతున్నవారికి చెప్పాలి. సినిమాలో పాటని కెమెరా ముందు ఎవరూ పాడరు. ఎప్పుడో ముందే పాడించి రికార్డు చేసి పెడతారు. సెట్టు తయారయ్యాక ఆ రికార్డును లౌడ్‌స్పీకర్లో పెద్దగా పెట్టి, దానికి పెదవులు కలుపుతూ ఆడమంటారు. ఈ సినిమాకి హీరో స్కిప్ లారిమర్. కుర్రాడు చూడ్డానికి చక్కగా ఉంటాడు, మనసు కూడా మంచిదే. నోరు తెరిచి పాడితే మాత్రం పక్కవీధి కుక్కలు జవాబిస్తాయి. అందుకని అతనికి గొంతు అరువిచ్చినవాడు ఎమ్మెట్. యుద్ధానికి వెళ్లే ముందు వారంలో పాడేసి వెళ్లాడు. ఆ గొంతు ఎవరిదో బయటికి పొక్కకూడదు. ఊళ్లో ఆడపిల్లలంతా స్కిప్ గొంతు మీద ప్రాణాలు పెట్టుకుంటేనే టిక్కెట్లు తెగుతాయి. నోరు జారితే ఇకమీదట ఈ గేటు దాటి లోపలికి రానిచ్చేది లేదని స్టూడియోవాళ్లు గట్టిగానే చెప్పారు. ఎమ్మెట్ మాటంటే మాటే. కన్నతల్లికి కూడా చెప్పలేదు. "వెనక వరసలో నిలబడి అందరితో పాటు గొంతు కలుపుతానమ్మా, నేను పాడినా మానినా ఎవరికీ తెలీదు" అని నవ్వేసేవాడు. తెలిసిందల్లా స్టూడియోలో పనిచేసే కొద్దిమందికీ, చెల్లెలికీ.

ఇక ఆ సినిమా సంగతి. అందులో ఉన్నది మేపుల్‌డేల్ హైస్కూలు. అలాంటి బడి భూప్రపంచంలో ఎక్కడా లేదు. అక్కడ ఎవరూ పుస్తకం తెరవరు. పరీక్షలు రెండు పాటల మధ్య వచ్చి వెళ్లిపోతాయి. మొదట్లో కళ్లెర్రజేసిన ప్రిన్సిపాలు చివర్లో పిల్లలతో కలిసి చిందులేస్తాడు. నేల తుడిచే ముసలాయన చీపురు కర్రతో తాళం వేస్తాడు. గొడవలన్నీ ఐస్‌క్రీం కొట్లో మొదలై ఐస్‌క్రీం కొట్లోనే తీరిపోతాయి. యుద్ధనిధి కోసం పిల్లలంతా కలిసి ఆటపాటల ప్రదర్శన పెడితే ఊరు ఊరంతా కదిలొస్తుంది. అంతే కథ. అయినా చూసిన ప్రతివాడికీ తానూ అక్కడే చదువుకున్నానన్న భ్రమ కలిగేది. ఏ దీవుల్లోనో వానలో తడుస్తూ, రెండు కొబ్బరిచెట్ల మధ్య కట్టిన దుప్పటి మీద ఇలాంటి సినిమాలే చూసేవారు యుద్ధానికెళ్లిన మన కుర్రాళ్లు. వాళ్లలో సగంమంది పొలం పనికోసం చిన్నప్పుడే బడి మానేసినవాళ్లు. వాళ్లూ తెరమీద ఆ బడిగంట తమ కోసమే కొట్టినట్టు చప్పట్లు చరిచేవారు.

పెన్నిక్ టీచరుకు ఈ సినిమాలంటే ఒళ్లు మంట. ఉండదా మరి? ఇరవై ఏళ్లు నిజం బడిలో నిజం పిల్లల చేత లెక్కలు చేయించిన మనిషి. "చదువు అన్న మాటే లేని బడి" అని ముక్కు విరిచేది. అలా విరుస్తూనే శనివారం మధ్యాహ్నం ఆటకు వెళ్లి, చీకట్లో ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకుని వచ్చేది. ఆ ముక్కు విరుపును మరీ నమ్మనక్కర్లేదని నా అభిప్రాయం.

స్టూడియోలో ఆవిడ పని పెద్దదే. పద్దెనిమిది నిండని పిల్లల చేత వేషం వేయించాలంటే రోజూ ఇన్ని గంటలు చదువు చెప్పించి తీరాలని చట్టం. ఆ చదువు చెప్పేదీ, పిల్ల అలిసిందా, జ్వరమొచ్చిందా, మనసు బాగోలేదా అని చూసేదీ ఈవిడే. "ఇక చాలు" అని ఆవిడ అంటే ఎంత పెద్ద డైరెక్టరైనా కెమెరా ఆపాల్సిందే. సాయంత్రం ఆరు దాటితే ఎవరూ అడక్కుండానే ఆగిపోవాలి. ఇన్నేళ్లలో ఆ అధికారం వాడడానికి ఆవిడ ఒక్కసారీ వెనకాడలేదు. ఇవాళ మాత్రం కాళ్లు ఈడ్చుకుంటూ హాల్లోకి వెళ్లింది.

లోపల మేపుల్‌డేల్ వాళ్ల ఆటగది సిద్ధంగా ఉంది. రంగు కాగితాల తోరణాలు, బెలూన్లు, మొహం కనపడేలా తోమిన చెక్కనేల. స్వెట్టర్ల మీద బడి పేరు మొదటి అక్షరం కుట్టించుకున్న కుర్రాళ్లు వరసగా నిలబడ్డారు. అందరూ పద్దెనిమిదేళ్ల లోపువాళ్లో, కాళ్లు బాగోలేవనో కళ్లు బాగోలేవనో సైన్యం వెనక్కి పంపినవాళ్లో. ఆడపిల్లల కాళ్లకు మేజోళ్లు లేవు. పట్టంతా పారాచూట్లకే పోతోంది కదా, అందుకని మేజోళ్లలా కనపడే గోధుమరంగు పూశారు.

మధ్యలో తెల్ల గౌనులో వెర్నా.

ఒటిస్ అనే రికార్డులాయన నల్లతెర వెనక సూది పెట్టాడు. లౌడ్‌స్పీకర్లోంచి ఎమ్మెట్ గొంతు హాలంతా నిండింది.

*గంట కొట్టగానే పరిగెత్తుకొస్తా,*
*నీ పుస్తకాలన్నీ నేనే మోస్తా,*
*లెక్కల మాస్టారు ఆపేశారంటే*
*కాస్త ఆలస్యమైనా వచ్చేస్తా.*

పిచ్చి పాట. పిల్లలు పాడుకునే పాట. ఆ గొంతులో మాత్రం నవ్వు ఉంది, పాడుతూ పాడుతూ ఎవర్నో చూసి నవ్వినట్టు. టీచరు ఒక కుర్చీ వెనకభాగం పట్టుకుని నిలబడింది. స్కిప్ పెదవులు కలుపుతున్నాడు. వెర్నా నవ్వుతోంది, నవ్వుతూ తిరుగుతోంది. గౌను అంచు తోరణాలకు తగిలీ తగలకుండా ఆ పిల్ల ఆడుతుంటే లైట్ల మోకులు లాగే పనివాళ్లు కూడా పని మానేసి చూస్తున్నారు. చివరి చరణం, చివరి తిప్పు. ఎడమవైపు తిరిగి స్కిప్ చేతుల్లోకి రావాలి. వెర్నా కుడివైపు తిరిగింది.

"ఆపండి!" అన్నాడు డైరెక్టర్ డన్‌లీవీ. టోపీ తీసి మోకాలికేసి కొట్టుకున్నాడు. "ఏమ్మాయ్, పొద్దుట్నుంచీ చూస్తున్నా. ఎడమ చెయ్యి ఏదో మర్చిపోయావా? చీటీ రాసి కట్టమంటావా?"

"సారీ అండీ. ఈసారి చేసేస్తా."

"అలాగే అంటావు. ప్రతిసారీ అక్కడే బోల్తా కొడతావు. మళ్లీ మొదట్నుంచి!"

మళ్లీ సూది. మళ్లీ గంట కొట్టగానే పరిగెత్తుకొస్తా. మళ్లీ అదే చోట, అదే తప్పు.

వెర్నా సంగతి అక్కడ అందరికీ తెలుసు. ఒకసారి చూపిస్తే చాలు, అడుగు పొల్లుపోదు. అలాంటి పిల్ల ఇలా తప్పడమేమిటని డాన్సు నేర్పే ఆయన జుట్టు పీక్కుంటున్నాడు. ఎండ దెబ్బ అన్నారొకరు, ఆకలన్నారొకరు. తప్పు జరిగిన ప్రతిసారీ టీచరు మాత్రం వెర్నా కాళ్లకేసి కాకుండా మొహంకేసి చూసింది. పొరపాటు చేసిన పిల్ల డైరెక్టరుకేసి చూడాలి. ఈ పిల్ల లౌడ్‌స్పీకరుకేసి చూస్తోంది. "మళ్లీ మొదట్నుంచి" అన్న మాట వినగానే ఆ భుజాలు తేలికపడుతున్నాయి.

నిజమైన తప్పు ఒకేచోట కూర్చోదు, ఒక్కోసారి ఒక్కోచోట పడుతుంది. కావాలని చేసే తప్పే పద్ధతిగా ఉంటుంది. పరీక్షరోజున కాగితం మీద సిరా ఒలకబోసుకునే పిల్లల్ని ఇరవై ఏళ్లు చూసిన కళ్లు అవి. ఎందుకో తెలియలేదు గానీ, వెర్నా ఈ పాట పూర్తికాకూడదని చూస్తోందని ఆవిడకి తెలిసిపోయింది.

డన్‌లీవీ ఆవిడ పక్కకి వచ్చాడు.

"టీచరమ్మగారూ, మీ శిష్యురాలికి కాస్త చెప్పండి. రేపీపాటికి ఈ గది ఉండదు. పొద్దున్నే పగలగొట్టి ఇక్కడ ఇంకో సినిమాకి జలాంతర్గామి సెట్టు కడతారట. ఇంకో రెండుసార్లు చూస్తా. అప్పటికీ ఇంతే అయితే గుంపులో ఆడే ఆ మావిస్ పిల్లకి ఈ గౌను తొడిగి, దూరం నుంచి తీసేస్తాను. నాకు వేరే దారి లేదు."

"పాట వెర్నాది."

"పాట స్టూడియోది మేడమ్. నాదీ కాదు, మీదీ కాదు."

"అయితే నాది నేను తీసుకుంటాను. వెర్నాకి ఇవాళ చదువు బాకీ ఉంది. ఇప్పుడు చెబుతాను."

"ఇప్పుడా?" డన్‌లీవీ అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "లైట్లు వేడెక్కి, మనుషులంతా నిలబడి ఉంటే ఇప్పుడు భూగోళం చెబుతారా? మీకు దయాదాక్షిణ్యాలు లేవూ?"

"చట్టం ఉంది. చాలదా?"

ఆయన గొణుక్కుంటూ అందరికీ కాఫీ తాగమని చెప్పాడు. యుద్ధం రోజుల కాఫీ, అందులో చక్కెర పేరుకే. అయినా ఎవరూ వద్దనలేదు.

బడి గది అంటే సెట్టు వెనక మూడుపక్కలా గుడ్డగోడలు కట్టిన చోటు. నాలుగు బల్లలు, ఒక నల్లబల్ల, ఒక ఫోను. వెర్నా లోపలికి వచ్చి, గౌను నలగకుండా అంచు మీద కూర్చుని, చెప్పకుండానే భూగోళం పుస్తకం తీసింది. పసిఫిక్ సముద్రం ఉన్న పేజీ వస్తే గబగబా తిప్పేసి ఆఫ్రికా దగ్గర ఆపింది.

టీచరు ఎదురుగా కూర్చుంది. ఏమని మొదలుపెట్టాలో తెలియక, "కాళ్లు నొప్పెడుతున్నాయా?" అంది.

"లేదు టీచర్."

"మరి కావాలనే తప్పుతున్నావెందుకు?"

వెర్నా తలెత్తలేదు. పేజీ మూల మడతపెట్టి విప్పింది.

"అమ్మ ఫోన్ చేసిందా?" అంది.

టీచరు కళ్లు ఫోనుకేసి వెళ్లాయి.

"చేసిందని తెలుసు. మీరు లోపలికొచ్చినప్పుడు మీ మొహం చూశాను. చెప్పకండి టీచర్. ప్లీజ్. మీరేం చెప్పకండి."

"వెర్నా..."

"పొద్దున ట్రాముకోసం వస్తున్నా. మా వీధి మొదట్లో ఒకాయన సైకిల్ దిగాడు. ముసలాయన. టెలిగ్రాములిచ్చేవాళ్ల టోపీ ఉంది. 'హాలొవే వాళ్లిల్లు ఎక్కడమ్మా?' అనడిగాడు నన్నే." వెర్నా గొంతు చాలా మామూలుగా ఉంది. "చూపించాను. 'అదుగో, ఆకుపచ్చ తలుపు' అన్నాను. ఆయన 'థాంక్సమ్మా' అని టోపీ తీశాడు. ఎప్పుడూ ఎవరూ నాకు టోపీ తియ్యలేదు టీచర్. ట్రాము వచ్చేసింది. ఎక్కేశాను."

గుడ్డగోడ అవతల ఎవరో మేకు కొడుతున్నారు. ఆగి, మళ్లీ కొట్టారు.

"అమ్మ ఒక్కతే ఉంది ఇంట్లో. రాత్రంతా పనిచేసొచ్చి అప్పుడే పడుకుంది. నేను ఇల్లు చూపించి ట్రామెక్కేశాను. వెనక్కి కూడా చూళ్లేదు. ఎలాంటిదాన్ని నేను?"

"పసిదానివి," అంది టీచరు. "భయపడ్డావు."

"భయం కాదు. నేను చూడకపోతే అది ఇంకా జరగలేదు కదా అనుకున్నా. దెబ్బ తగిలిందేమో. చెయ్యో కాలో పోయిందేమో. దానిక్కూడా టెలిగ్రాములు పంపిస్తారుగా? ఒంటి చేత్తో కూడా పాడొచ్చు." నవ్వబోయింది, కుదర్లేదు. "ఇక్కడికొచ్చేసరికి ఒటిస్ గారు రికార్డు పెట్టారు. ఎమ్మెట్ పాడుతున్నాడు. మొదటి చరణం అయ్యాక చిన్నగా ఊపిరి పీలుస్తాడు, విన్నారా? వాడు చిన్నప్పుడూ అంతే. నాకు నీళ్లు పోస్తూ పాడేటప్పుడూ అక్కడే పీల్చేవాడు. నేను ఆ చివరి అడుగు సరిగ్గా వేస్తే డైరెక్టరు గారు 'బాగుంది' అంటారు. ఒటిస్ గారు రికార్డు తీసి కవర్లో పెట్టేస్తారు. అప్పుడు మీరొచ్చి చెబుతారు. తప్పుగా వేస్తే, 'మళ్లీ మొదట్నుంచి' అంటారు. మళ్లీ మొదట్నుంచి వాడు పాడతాడు."

టీచరు కళ్లజోడు తీసింది. తుడవడానికి ఏమీ లేకపోయినా తుడిచింది. ఆవిడకి పిల్లలు లేరు. ఇలాంటి సమయంలో తల్లి ఏంచేస్తుందో ఆవిడకి తెలియదు. టీచరు ఏం చెయ్యాలో మాత్రం తెలుసు. ఈ పిల్ల చెయ్యి పట్టుకుని గేటు దాకా నడిపించి, "ఇవాళ్టికి పని అయిపోయింది" అని చెప్పాలి. చట్టం ఆవిడకి ఆ అధికారం ఇచ్చింది ఇలాంటి రోజుకోసమే. కానీ అలా చేస్తే మావిస్ ఆ గౌను వేసుకుంటుంది. ఎమ్మెట్ గొంతు పక్కన మావిస్ తిరుగుతుంది. అన్నా చెల్లెలూ కలిసి చేసిన పని ప్రపంచంలో ఇదొక్కటే. అది కూడా ఉండదు.

"విను," అంది చివరికి. "నువ్విలాగే తప్పుతూ ఉంటే ఆయన ఇంకో రెండుసార్లకంటే ఆగడు. పాట మావిస్‌కి వెళ్లిపోతుంది. మీ అన్నయ్య పాడుతూనే ఉంటాడు, నువ్వు మాత్రం ఆ పాటలో ఉండవు."

వెర్నా గౌను మడతలు సర్దుకుంది.

"ఈ సినిమా ఎక్కడెక్కడికి వెళుతుందో నీకు తెలుసు. అక్కడ దుప్పటి కట్టుకుని కూర్చున్న కుర్రాళ్లకి ఆ గొంతు ఎవరిదో తెలీదు. తెలియక్కర్లేదు. కానీ మీ అన్నయ్య నీకోసం పాడాడు. స్కిప్ ఎదురుగా లేడు కదా ఆ రోజు, మైకు ఎదురుగా నిలబడ్డది నువ్వు. నిన్ను చూసే కదా ఆ నవ్వు నవ్వాడు?"

"నేను మొహం వంకరగా పెట్టాను," అంది వెర్నా. "చివర్లో నవ్వాపుకోలేకపోయాడు. బావుందని అలాగే ఉంచేశారు."

"మరి ఆ నవ్వు పక్కన ఎవరుండాలి?"

వెర్నా ఆఫ్రికా పేజీ మూసింది. తర్వాత మొదటిసారి టీచరు కళ్లల్లోకి చూసింది.

"అడగనులెండి. దెబ్బే తగిలుంటే మీరీపాటికి చెప్పేసేవారు, టీచర్."

టీచరు లేచి వచ్చి, గౌను వెనక ఊడిన హుక్కు పెట్టింది. "ఏడవకు," అంది. "మొహం మీద రంగు పోతే మళ్లీ గంట కూర్చోబెడతారు. పాట అయ్యాక ఏడుద్దువు గాని. నేను పక్కనే ఉంటాను."

"మీరూ ఏడుస్తారా?"

"నాకు రంగు లేదుగా," అంది పెన్నిక్ టీచరు. ఆవిడ జీవితంలో వేసిన కొద్దిపాటి జోకుల్లో అదొకటి. ఇద్దరూ నవ్వలేదు.

వాళ్లు హాల్లోకి వచ్చేసరికి అందరూ తమతమ చోట్లలో నిలబడ్డారు. డన్‌లీవీ టీచరుకేసి వెటకారంగా చూసి, "భూగోళం అయిందా?" అన్నాడు. ఆవిడ మొహంలో ఏం చూశాడో మరి, టోపీ సర్దుకుని నోరు మూసుకున్నాడు. స్కిప్ మాత్రం వెర్నా దగ్గరికి వచ్చి మెల్లగా, "ఎడమకి, సరేనా? నేను చెయ్యి చాపే ఉంచుతాను. నువ్వు కళ్లు మూసుకుని తిరిగినా పట్టుకుంటా" అన్నాడు.

"సరే," అంది వెర్నా.

సూది పడింది.

ఈసారి హాల్లో ప్రతివాళ్లకీ తేడా తెలిసింది గానీ అదేమిటో చెప్పలేకపోయారు. వెర్నా నవ్వు అదే నవ్వు. అడుగులు అవే అడుగులు. కాకపోతే ఇందాకటి దాకా ఆ పిల్ల పాటను ఆపి ఉంచాలని చూసింది, ఇప్పుడు పాటతో పాటు వెళుతోంది. మొదటి చరణం అయ్యాక ఎమ్మెట్ చిన్నగా ఊపిరి పీల్చాడు. ఎన్నో ఏళ్లుగా శనివారం ఆటలకు వెళుతున్నా, ఎవరి పాటలోనైనా ఊపిరి కూడా వినాలని టీచరుకు ఎప్పుడూ తోచలేదు. ఇప్పుడు విన్నది. ఇక జన్మలో మర్చిపోలేనని ఆవిడకి అర్థమైంది.

సరిగ్గా అప్పుడే హాలు చివర తలుపు తెరుచుకుంది.

మాటలు రికార్డయ్యే షూటింగ్ అయితే ఆ తలుపు మూసి, మీద ఎర్రలైటు వేసి, ఈగను కూడా రానివ్వరు. పాటల షూటింగుకి ఆ పట్టింపు లేదు. శబ్దం ముందే రికార్డులో ఉంది కాబట్టి ఎవరు తలుపు తీసినా, ఎవరు దగ్గినా, డైరెక్టరు మధ్యలో కేకలు పెట్టినా నష్టం లేదు. గేటు దగ్గర మనిషి ఆమెను ఎరిగినవాడు, ఏమీ అడక్కుండా లోపలికి పంపినట్టున్నాడు. గుమ్మంలో ఫ్లారెన్స్ హాలొవే నిలబడింది. తలకు ఫ్యాక్టరీలో కట్టుకునే గుడ్డే ఉంది. కోటు బొత్తాలు ఒక కాజాలోవి ఇంకో కాజాలో పెట్టుకుంది. చెప్పాల్సిన మాటలు దారి పొడుగునా కూడబలుక్కుంటూ వచ్చినట్టు పెదవులు కదులుతున్నాయి.

ఆ పెదవులు ఆగిపోయాయి.

ఇంతసేపూ టీచరు కూతురి గురించే ఆలోచించింది గానీ, ఈ తల్లికి ఆ గొంతు సంగతి తెలియదన్న విషయమే ఆవిడకి తట్టలేదు. పరుగెత్తి ఆపుదామంటే మధ్యలో కెమెరా ఉంది, పట్టాలున్నాయి, అడ్డదిడ్డంగా తీగలున్నాయి.

"ఎమ్మెట్!" అని కేకేసింది ఫ్లారెన్స్.

ఆ కేక ఏ రికార్డులోకీ ఎక్కలేదు. డన్‌లీవీ తల కూడా తిప్పలేదు. పిల్లలంతా ఆడుతూనే ఉన్నారు. ఆడేవాళ్లలో వెర్నా ఒక్కతే విన్నది. టీచరు ఆ పిల్లనే చూస్తోంది, కళ్లల్లో అమ్మ కేక తగలడం కనపడింది. నవ్వు చెదరలేదు. చివరి చరణం వచ్చింది, చివర్లో ఎమ్మెట్ ఆపుకోలేక నవ్విన నవ్వు వచ్చింది, వెర్నా ఎడమవైపు తిరిగి స్కిప్ చేతుల్లోకి వచ్చింది.

"బాగుంది!" అని డన్‌లీవీ గాల్లోకి టోపీ ఎగరేశాడు. "అదీ! అదమ్మా నాక్కావల్సింది! అయిపోయింది, ఇళ్లకి పదండి!"

కుర్రాళ్లు కేరింతలు కొట్టారు. ఆ సందడిలో ఫ్లారెన్స్ తీగలు దాటుకుని, బెలూన్లు తోసుకుని వచ్చి టీచరు రెండు చేతులూ పట్టేసుకుంది. ఆమె మొహం వెలిగిపోతోంది.

"మీరు వెర్నాకి చెప్పలేదు కదా? చెప్పలేదు కదా టీచర్? అమ్మయ్య! చెప్పకండి, ఇక చెప్పక్కర్లేదు. వాళ్లు పొరపాటు పడ్డారు. ఇంకెవరి టెలిగ్రామో మాకిచ్చారు. నా బిడ్డ ఇక్కడే ఉన్నాడు, విన్నాను, ఇప్పుడే విన్నాను. ఏడి వాడు? నాకు కనపడకుండా దాక్కుని ఆటలా? పిలవండి వాణ్ని!"

"చెప్పలేదు ఫ్లారెన్స్, కానీ ఒక్కమాట..."

ఆమె ఆగలేదు. గొంతు ఎక్కణ్నుంచి వచ్చిందో అటే నడిచింది. దారిలో ఉన్న పిల్లల మొహాలు ఒక్కొక్కటే చూసుకుంటూ, తోరణాలు పక్కకి తోసి నల్లతెర ఎత్తింది. లోపల లౌడ్‌స్పీకరు పెట్టె, తిరగడం ఆగిన యంత్రం. ఒటిస్ రికార్డు చేత్తో పట్టుకుని కవరు వెతుక్కుంటున్నాడు. కొత్తమనిషిని చూసి మర్యాదగా, "ఎవరు కావాలమ్మా?" అన్నాడు.

ఫ్లారెన్స్ తెర వదల్లేదు. పెట్టె వెనక్కి వంగి చూసింది. అక్కడ గోడ.

స్కిప్ పట్టుకున్న చెయ్యి విడిపించుకుని వెర్నా వచ్చింది. తల్లి వెనక నిలబడింది. టీచరు రెండడుగులు ముందుకేసి ఆగిపోయింది. ఈ మాట చెప్పే అధికారం ఏ చట్టమూ ఆవిడకి ఇవ్వలేదు.

"అమ్మా," అంది వెర్నా. "వాడు అది పాడింది పోయినేడు."

ఫ్లారెన్స్ వెనక్కి తిరిగింది. మొహంలో వెలుగు ఇంకా పోలేదు, పోవడానికి దానికి కాస్త సమయం పట్టింది. కూతురి తెల్ల గౌను చూసింది, రంగు పూసిన మొహం చూసింది, ఏడుపు లేని ఆ కళ్లు చూసింది. తాను దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలేవీ ఈ పిల్లకి చెప్పక్కర్లేదని ఆమెకి మెల్లగా తెలిసింది.

"నీకు తెలుసు," అంది. తర్వాత గొంతు మారింది. "టీచరు చెప్పలేదంటున్నారు. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను, ఆ తలుపు తీసినప్పుడు. నీకెవరు చెప్పారే? ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

వెర్నా టీచరుకేసి చూసింది. టీచరు ఈసారి ఆ పిల్లకి ఏ సాయమూ చెయ్యలేకపోయింది.